మీరు, నువ్వు, ఒక అట్ట లేని నవల

మొన్న బీరువా పై అర సర్దుతుంటే పాత దుప్పట్ల కింద ఆ పుస్తకం దొరికింది. దానికి అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. నా చేతికి వచ్చినప్పుడే లేవు. ఏకంగా ఏడో పేజీ నుంచి మొదలవుతుంది. కాగితాలు ఇటుక రంగుకు తిరిగి, మడత పెడితే విరిగేలా ఉన్నాయి. పక్కన ఖాళీల్లో పెన్సిల్‌తో రాసినవి మాత్రం ఇంకా చక్కగా చదవడానికి వస్తున్నాయి. సర్దే పని వదిలేసి మంచం మీద కూర్చుని పొద్దుగూకే దాకా చదువుతూనే ఉన్నాను.

అదొక ఇంగ్లీషు నవల. గుంటూరులో మా చర్చిలో సండే స్కూల్ చెప్పిన టీచరమ్మ ఊరు విడిచి వెళ్లిపోతూ తన పుస్తకాలన్నీ మా ఆడపిల్లలకు పంచిపెట్టారు. నా వంతుకు ఇది వచ్చింది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. కథ జరిగేది అమెరికాలో, గోధుమ చేల మధ్య ఉన్న చిన్న ఊళ్లో. పాస్టర్ గారు కుదిర్చిన సంబంధం. పెళ్లికూతురు ఎక్కడి నుంచో రైల్లో వస్తుంది. ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకునేది చర్చి మెట్ల మీదే. ఆ తర్వాత మూడు వందల పేజీలూ ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ మెల్లగా పరిచయం కావడమే. ఆమెకు రొట్టె కాల్చడం రాదు, అతనికి మాట్లాడటం రాదు. రాత్రి ప్రార్థనలో మాత్రం, దేవుడితో చెబుతున్నట్టుగా, ఎదుటి మనిషికి చెప్పాల్సింది చెప్పేసుకుంటారు. “ప్రభువా, ఈ రోజు రొట్టె మాడలేదు, నీకు స్తోత్రం” అంటాడు అతను. అక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగేది కాదు. డిగ్రీ చదివిన మూడేళ్లలో నాలుగైదు సార్లు చదివాను.

ఇలాంటి నవలల్ని కాలక్షేపం పుస్తకాలని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ముక్కూముఖం తెలియని మనిషితో కాపురానికి వెళ్లే ఆడపిల్ల కడుపులో ఉండే భయాన్ని అంత నెమ్మదిగా, నవ్విస్తూ చెప్పిన పుస్తకం నాకు మరొకటి దొరకలేదు.

1993లో ఈస్టర్ ఏప్రిల్ 11న వచ్చింది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే లెంట్ రోజుల్లో మా ఇంట్లో పెళ్లి మాటలు ఎత్తరు. పండగ వెళ్లిన వారానికే మెదక్ నుంచి సంబంధం వచ్చింది. స్త్రీల సమాజం కూటాలకు ఊరూరా తిరిగే ఒక పాస్టరమ్మ గారు చెప్పిన సంబంధం. అబ్బాయి జెడ్పీ హైస్కూల్లో తెలుగు పండితుడు. మా వాళ్లలో సంబంధం అనగానే వచ్చే ప్రశ్నల్లో ఒకటి “మీది ఏ మిషను?” అని. మేం లూథరన్లం. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను మాది. అబ్బాయి వాళ్లది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొన్ని సంఘాల వాళ్లు కలిసి సీఎస్ఐ అయినప్పుడు మా లూథరన్లు అందులో చేరలేదు. నాన్నకు అక్కడే పట్టుకుంది. “వాళ్ల ఆరాధన క్రమం వేరు, మనది వేరు. పిల్ల ఎప్పుడు నిలబడాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక తికమక పడుతుంది” అన్నారు. “కీర్తనలు ఒకటేగా, పాడుకుంటుందిలెండి” అంది అమ్మ. ఆ ఒక్క మాటతో నాన్న మెత్తబడ్డారు.

పెళ్లిచూపులకు పెళ్లికొడుకు రాలేదు. టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడిందట. ఆయన నాన్నగారు, అక్క, బావ వచ్చారు. వదిన బ్యాగులోంచి ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. స్కూల్ స్టాఫ్ అంతా కలిసి దిగిన గ్రూప్ ఫోటో అది. “వెనక వరసల, ఎడమ దిక్కు నుంచి నాలుగో ఆయన” అంది. ముఖం శనగగింజంత ఉంది. ఎండకు కళ్లు చికిలించి ఉన్నాడని మాత్రం తెలిసింది. మా చెల్లి భూతద్దం తెచ్చింది. భూతద్దంలో ఫోటో చుక్కలు చుక్కలుగా కనిపించిందే తప్ప మనిషి కనిపించలేదు.

వాళ్లు లేచే ముందు వదిన ఒక మాట చెప్పింది. “మా అమ్మకు చదువు రాదు. రోజు రాత్రి తమ్ముడే బైబిల్ చదివి వినిపిస్తడు. ఒక్కనాడు గూడ తప్పలె.” ఆ రాత్రి నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని “వెళ్తావా అమ్మా, అంత దూరం?” అని అడిగారు. నాకు ఫోటోలో ముఖం గుర్తుకు రాలేదు. లాంతరు ముందు కూర్చుని అమ్మకు బైబిల్ చదివి వినిపిస్తున్న మనిషి కళ్లలో మెదిలాడు. వెళ్తానన్నాను.

తర్వాత మూడు ఆదివారాలు మా చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. అది అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. నా పేరు, మా నాన్న పేరు, వెంటనే ఆ తెలియని మనిషి పేరు, వాళ్ల నాన్న పేరు. “ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను” అని అయ్యగారు కాసేపు ఆగేవారు. చర్చిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. మొదటి ఆదివారం గుండె దడదడలాడింది. రెండో ఆదివారం ఆ పేరు కాస్త అలవాటైంది. మూడో ఆదివారం ఆ పేరు వినగానే నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అదే ఆదివారాల్లో, అదే గంటకు, మెదక్‌లో ఆయన కూడా నా పేరు వింటూ కూర్చున్నారని పెళ్లయ్యాక లెక్కేసుకుని ఇద్దరం ఎంత సంబరపడ్డామో.

పెళ్లి మే నెలలో, సాయంత్రం నాలుగింటికి. తెల్ల పట్టుచీర, వెయిల్, చేతిలో పూలగుత్తి, అంతా సిద్ధం. నాలుగైంది, నాలుగున్నరైంది. మెదక్ నుంచి రావాల్సిన బస్సు మాత్రం రాలేదు. ఐదింటికి అయ్యగారు వెనక గదిలోకి వచ్చి, మెల్లగా అయినా అందరికీ వినపడేలా ఒక సంగతి చెప్పారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ మధ్యే జరగాలట. “ఏడు దాటితే ఇక రేపే తల్లీ” అన్నారు. ఇంక చూడండి, టెన్షన్! అమ్మ మోకాళ్లూనింది. మేనమామలు స్కూటర్లేసుకుని హైవే వైపు పరుగెత్తారు. పక్క హాల్లో బిర్యానీ డేగిసాలు దమ్ మీద ఉన్నాయి. వంటమేస్త్రి ఐదు నిమిషాలకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్తున్నాడు. నేను మాత్రం ఆ నవలలో చర్చి మెట్ల మీద నిలబడ్డ అమ్మాయిని తలచుకుంటూ కూర్చున్నాను.

ఆరుకు పది నిమిషాలుందనగా బస్సు వచ్చింది. కోదాడ దగ్గర టైరు పంక్చరై, జాకీ పనిచేయక ఆగిపోయారట. ఆయన్ని మొదటిసారి అంత దగ్గరగా చూసింది ఉంగరం తొడిగేటప్పుడే. ముఖం చూసే ధైర్యం లేక చేతుల్ని చూశాను. కోటు చేతి కింద తెల్ల చొక్కా కఫ్ మీద అరచేయంత నల్లటి గ్రీజు మరక. గోళ్ల కింద కూడా నలుపే. పెళ్లికొడుకే కింద పడుకుని టైరు మార్చాడని తోడొచ్చిన వాళ్లు తర్వాత చెప్పారు. అయ్యగారు సిద్ధం చేసుకున్న ప్రసంగమంతా ఐదు నిమిషాలకు కుదించారు. ఆదికాండంలో ఇస్సాకు రిబ్కాల సంగతి. అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో దూరదేశం వెళ్లడం, బావి దగ్గర రిబ్కా ఒంటెలన్నింటికీ నీళ్లు తోడటం, ముఖం చూడని మనిషి కోసం వెళ్తానని ఆమె ఒప్పుకోవడం. “అక్కడ పెళ్లికూతురు ఒంటెలకు నీళ్లు తోడింది, ఇక్కడ పెళ్లికొడుకు బస్సుకు టైరు వేశాడు. ఇద్దరూ పనిమంతులే” అన్నారు. చర్చి అంతా నవ్వింది. ఆ నవ్వులోనే తలెత్తి చూశాను. ఆయనా నవ్వుతున్నారు. కళ్లు ఫోటోలో లాగే చికిలించి ఉన్నాయి.

సిలువ బిళ్ల ఉన్న తాళి కట్టారు. రిజిస్టర్లో సంతకం పెట్టేటప్పుడు గోడ గడియారంలో ఏడుకు పది నిమిషాలు తక్కువ.

మెదక్‌కు అప్పట్లో రైలు లేదు. సికింద్రాబాదు దాకా రైలు, అక్కడి నుంచి నర్సాపూర్ అడవి మీదుగా బస్సు. ఊరు ఇంకా దూరం ఉండగానే ఆకాశంలోకి లేచిన గోపురం కనిపించింది. “అదే మా చర్చి. నూట డెబ్బై ఐదు అడుగులు” అన్నారు ఆయన. ఆ ప్రయాణం మొత్తంలో ఆయనంతట ఆయన మాట్లాడిన మొదటి మాట అది. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా పని చూపించి తిండి పెట్టాలని ఆ చర్చి కట్టించాడనీ, 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారనీ, మా ఆయన తాత చిన్నతనంలో అక్కడ రాళ్లు మోశాడనీ మా మామగారు తర్వాత చెప్పారు. ఆ చర్చిని చూసినప్పుడల్లా నాకు ముందు ఆ తాతే గుర్తొస్తాడు. మోసిన తట్టకు ఇంత అన్నం దొరికిన పిల్లవాడు.

అత్తమ్మ బంగారం లాంటి మనిషి. నన్ను “బిడ్డా” అని పిలిచేది. బయటికి వెళ్తుంటే “పైలం బిడ్డా” అనేది. పైలం అంటే జాగ్రత్త అని తెలియక మొదటి వారం ఊరికే తల ఊపేదాన్ని. పచ్చడిని తొక్కు అన్నారు, మొక్కజొన్నను మక్కలు అన్నారు. పచ్చిపులుసు తిన్నాక మా గుంటూరు కారం కొన్నాళ్లు మర్చిపోయాను. చర్చిలో ఆరాధన క్రమం నాన్న భయపడినట్టు తికమకే అయింది. అందరూ కూర్చున్నాక నేనొక్కదాన్నే నిలబడి ఉంటే అత్తమ్మ కొంగు పట్టి లాగేది. కీర్తన మొదలైతే మాత్రం నా గొంతే ముందు లేచేది.

ఆయన సంగతే అంతుపట్టలేదు. స్కూల్లో పద్యం ఎత్తుకుంటే ఊరంతా వినపడే మనిషి, ఇంట్లో నా ముందు నోరు విప్పేవారు కాదు. విప్పితే “మీరు భోంచేశారా?”, “మీకేమైనా కావాలా?” ఇంతే. పెళ్లాన్ని మీరు అనే మగవాణ్ణి ఆ వీధిలో ఎవరూ చూడలేదు. “ఏందిర, మీరు, గారు అంటవు? గా పిల్ల ఏమన్న డీఈఓనా?” అని అత్తమ్మ ఒకటే నవ్వు. ఆయన చెవులు ఎర్రబడేవి.

జూలైలో వానలు పట్టాక కొన్ని వింతలు మొదలయ్యాయి. ఒక రోజు తెల్లారి లేచేసరికి గాబులో, బిందెల్లో నీళ్లు నిండి ఉన్నాయి. బోరింగు దగ్గర నుంచి ఆయనే మోశారట. మరునాడూ అంతే. “సారు నీళ్లు మోస్తుండు” అని వీధిలో ఆడవాళ్లు చెప్పుకున్నారు. “మోయనియ్, చేతులరుగుతయా” అంది అత్తమ్మ. ఇంకో రోజు నేను లేచేసరికి స్టీలు గ్లాసులో టీ. పంచదార కొంచెం ఎక్కువైంది. నేను తాగే దాకా గుమ్మం దగ్గర నిలబడి, తాగాక స్కూలుకు వెళ్లారు. ఒక శనివారం రాత్రి తొమ్మిది దాటాక, ఎందుకో చెప్పకుండా, సైకిల్ మీద ఎక్కించుకుని ఎస్టీడీ బూత్‌కు తీసుకెళ్లారు. మా ఇంటి పక్కవాళ్ల ఫోన్ నంబరు కాగితం మీద రాసుకొచ్చారు. అమ్మ గొంతు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. గుంటూరు మీద బెంగ పెట్టుకున్నానని నేను ఎవరికీ చెప్పలేదు. ఈయనకెలా తెలిసిందా అనుకున్నాను.

పది రోజుల తర్వాత తెలిసింది. వాన పడుతున్న మధ్యాహ్నం. ఏమీ తోచక నా ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న నవల తీశాను. నలభయ్యో పేజీ పక్కన ఖాళీలో గుండ్రటి తెలుగు అక్షరాలు. “బ్లష్: సిగ్గుతో ముఖము ఎర్రబడుట.” కింద మరొకటి. “స్టబర్న్: మొండి.” పేజీలు తిప్పుతూ పోతే అన్నీ అవే. తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. నేను నిద్రపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని, రాత్రికి రెండు మూడు పేజీల చొప్పున నా పుస్తకం చదువుతున్నారు. భర్త నీళ్ల బకెట్లు నింపి పెట్టే చోట చిన్న టిక్కు. భార్యకు కాఫీ పెట్టి ఇచ్చే చోట టిక్కు. అరవై మూడో పేజీలో “హోమ్‌సిక్: ఇంటి మీద బెంగ” అని రాసి, దాని కింద సన్నగా ఇంకో వాక్యం. “ఈమెకు కూడా ఉన్నదేమో.”

ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! రాసింది కథలో అమ్మాయి గురించి కాదు, నా గురించి. ఈ మనిషి నన్ను అడగడానికి సిగ్గుపడి, నేను ఇష్టపడ్డ పుస్తకాన్ని అడుగుతున్నాడు.

ఆయనతో ఏమీ అనలేదు. పుస్తకం ఎక్కడున్నది అక్కడే పెట్టేశాను. కానీ రెండు రోజుల తర్వాత చూస్తే ఒక చోట ప్రశ్న ఉంది. “ఈమె ప్రార్థనలో చెప్పినది దేవునికా, భర్తకా?” పెన్సిల్ తీసుకుని దాని కింద “ఇద్దరికీ” అని రాసి పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఆయన నా వైపు చూడకుండా టీ గ్లాసు అందించారు. చెవులు మాత్రం మందారపువ్వుల్లా ఉన్నాయి. నేనూ ఏమీ ఎరగనట్టే ఉన్నాను. రాత్రి పెట్టె తెరిస్తే కొత్త ప్రశ్న. “మీకు మా ఊరు నచ్చినదా?”

“ఊరు నచ్చింది. మక్క రొట్టె చేయడం ఇంకా రాలేదు.”

“రొట్టె అమ్మ నేర్పును. మనుషులు నచ్చినారా?”

“అందరూ నచ్చారు. ఒకరు మాత్రం మరీ తక్కువ మాట్లాడతారు.”

దానికి మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు ఒక్క వాక్యం. “ఆ ఒకరు ప్రయత్నించుచున్నారు.”

అలా ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సాగింది. ఇంట్లో మాత్రం మేం పుస్తకం ఊసే ఎత్తలేదు. పగలు “భోంచేశారా”, “చేశాను”. రాత్రి పేజీల పక్కన అసలు మాటలు. నాకు చిన్నప్పుడు బావిలో పడిపోయిన వెండి పట్టీ సంగతి అక్కడే చెప్పాను. టీచర్ ట్రైనింగ్‌కు వెళ్లిన కొత్తలో హాస్టల్లో తిండి పడక నెల రోజులు అరటిపళ్లు తిని బతికానని ఆయన రాశారు. ఖాళీ సరిపోకపోతే బాణం గుర్తు వేసి వెనక పేజీకి పోయేవాళ్లం. ఆయన అక్షరాలు పుస్తకాల భాష నుంచి మెల్లమెల్లగా మెదక్ మాటలోకి దిగాయి. “చేయుచున్నాను” పోయి “చేస్తున్న” వచ్చింది.

రెండు వందల నలభై ఒకటో పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. డిసెంబరు మొదటి వారం అయి ఉండాలి. “మీకు క్రిస్మస్‌కు ఏ రంగు చీర కావాలె?” అని రాశారు. అయితే “మీ” మీద అడ్డంగా ఒక గీత ఉంది. దాని పైన, చిన్నగా, కాస్త వణికినట్టున్న అక్షరం. “నీ”. ఒక్క అక్షరం. కలిపి చదివితే “నీకు”. చదివి పుస్తకం గుండెకు హత్తుకున్నాను. వంటింట్లోంచి అత్తమ్మ “ఏమైంది బిడ్డా” అని కేక వేసింది. ఏమని చెప్పను?

“నెమలికంఠం రంగు. నువ్వే ఎంచాలి” అని రాయబోయి, నువ్వు అనే మాట దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. మా వైపు మొగుణ్ణి నువ్వు అనం. “మీరే ఎంచాలి” అని రాశాను. ఈ రోజుకీ నేను మీరే అంటాను. ఆయన రాసిన ఆ నీ మాత్రం నాకు సొంతం.

క్రిస్మస్ తెల్లవారుజామున, చీకటి ఉండగానే, అందరం చర్చికి బయల్దేరాం. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు. చుట్టూ చెట్ల కింద పొయ్యిలు, చంటిపిల్లల ఏడుపులు. లోపల అంతమంది గొంతులు కలిసి కీర్తన ఎత్తుకుంటే ఆ ఎత్తైన కప్పు కింద ఒళ్లు జలదరించింది. ఆరాధన ముగిసేసరికి బయట వెలుతురు వచ్చింది. అప్పటిదాకా నల్లగా ఉన్న రంగుటద్దాల కిటికీలో ఎరుపు, నీలం ఒక్కొక్కటే తేలాయి. నేను తలెత్తి చూస్తూ నిలబడిపోయాను. తల దించి చూస్తే మా వాళ్లు లేరు. అత్తమ్మ ఒక్కతే నా కొంగు పట్టుకుని ఉంది. తోపులాటలో ఇద్దరం మెట్ల దాకా వచ్చాం. ఎటు చూసినా జనమే.

అప్పుడు వినపడింది. క్లాసులో పద్యం చదివే గొంతు. మైదానం అవతల, ఎవరిదో బండి చక్రం మీదికి ఎక్కి నిలబడి, చేయి ఊపుతున్నారు ఆయన.

“ఓ! ఇటు! నువ్వు ఆడనే ఉండు, నేనొస్తున్న!”

పక్కవాళ్లు తిరిగి చూశారు. అత్తమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. “ఇన్నొద్దులకు మావోనికి నోరొచ్చింది బిడ్డా” అంది.

నెమలికంఠం చీర కొంగు తలమీద సర్దుకుని, అక్కడే నిలబడ్డాను.